ముల్లు కదలకముందే ఆపండి

పదో తరగతిలో విద్యుదయస్కాంతత్వం పాఠం చాలామంది పిల్లలకు కొరకరాని కొయ్య. కంటికి కనపడని క్షేత్రాన్ని నల్లబల్ల మీద బాణం గుర్తులతో చెబితే ఏం బుర్రకెక్కుతుంది? డాక్యుమెంటరీ అక్కరకొచ్చేది ఇక్కడే. విద్యుదయస్కాంత శాస్త్రవేత్త మైకేల్ ఫారడే కమ్మరి కొడుకు, పుస్తకాల బైండింగు పని నేర్చినవాడు. ఆయన కథను 2014 నాటి ‘కాస్మోస్’ ధారావాహికలో ఒక భాగం చక్కగా చూపిస్తుంది. విద్యుత్తు చరిత్ర మీద బీబీసీ 2011లో ప్రసారం చేసిన మూడు భాగాలూ చూడదగ్గవే.

అయితే గంటసేపు వీడియో పెట్టేసి మాస్టారు స్టాఫ్‌రూముకు వెళ్లిపోతే అది పాఠం కాదు, కాలక్షేపం. ఐదు నిమిషాల ముక్క చాలు. 1820లో శాస్త్రవేత్త ఆయిర్‌స్టెడ్ చేసిన ప్రయోగమే తీసుకోండి. తీగలో విద్యుత్తు పారగానే పక్కనున్న దిక్సూచి ముల్లు తిరిగింది. ఆ ముల్లు కదలకముందే వీడియో ఆపి, ఎటు తిరుగుతుందో పిల్లల్నే అడగండి. తీగకు కలిపిన సెల్లు తిప్పి పెడితేనో? జవాబులు నోటుబుక్కులో రాశాక ఒక టార్చిలైటు సెల్లు, రాగి తీగ, దిక్సూచి వాళ్ల చేతికే ఇవ్వండి. తీగను సెల్లుకు రెండు మూడు సెకన్లకు మించి తాకించి ఉంచనివ్వొద్దు, చెయ్యి చురుక్కుమంటుంది.

ఇంకో సంగతి. యానిమేషన్ బొమ్మల్లో ఎలక్ట్రాన్లు స్విచ్చి నుంచి బల్బు దాకా పరుగులు తీస్తుంటాయి. అది చూడ్డానికి బాగుంటుంది కానీ నిజం కాదు. మామూలు టార్చిలైటు రాగి తీగలో అవి సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా ముందుకు జరగవు. కాంతివేగానికి దగ్గరగా పరిగెత్తేది విద్యుత్ క్షేత్రం. ఉపాధ్యాయులారా, చాలా వీడియోలు ఈ మాట చెప్పవు. మీరే చెప్పండి.