రాజ్యాంగం రాసుకున్న తీరు - మన ఇంటి భాష

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. న్యాయశాస్త్రం చదివినవాణ్ణి కాను. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశం తన రాజ్యాంగాన్ని ఎలా రాసుకుందో నాకు తెలిసిన లెక్కల భాషలో చెబుతాను.

రాజ్యాంగ సభ మొదటిసారి 1946 డిసెంబరు 9న ఢిల్లీలో సమావేశమైంది. అప్పటికి స్వాతంత్ర్యం ఇంకా రాలేదు. సభ్యులు ముందుగా, మనకు ఎలాంటి దేశం కావాలో చెప్పే లక్ష్యాల తీర్మానాన్ని చర్చించి, 1947 జనవరి 22న ఆమోదించారు. తర్వాత ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క కమిటీ వేశారు. సలహాదారు బి.ఎన్. రావుగారు తయారుచేసిన చిత్తుప్రతిలో 243 అధికరణాలు ఉండేవి. డాక్టర్ అంబేద్కర్ అధ్యక్షులుగా ఏడుగురు సభ్యుల ముసాయిదా సంఘం దాన్ని 315 చేసింది. 1948 ఫిబ్రవరిలో ఆ ముసాయిదాను అచ్చువేసి ప్రజల ముందు పెట్టారు.

ఆ తర్వాత సభ్యులు ఇచ్చిన సవరణలు సుమారు 7,635. వాటిలో సభలో ప్రతిపాదించినవి 2,473. చివరకు 395 అధికరణాలు, 8 షెడ్యూళ్లతో 1949 నవంబరు 26న రాజ్యాంగం ఆమోదం పొందింది. ఖర్చు లెక్క కూడా సభకు చెప్పారు: నవంబరు 22 వరకు 63,96,729 రూపాయలు. మా లెడ్జరులో తప్పు వస్తే చెరిపేయకూడదు. కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేయాలి. రాజ్యాంగ సభలోనూ అంతే. ఎవరు ఏమన్నారో, ఏ మాట ఎందుకు మారిందో అంతా రికార్డులో ఉంది.

ఆ పనిలో మనవాళ్లూ ఉన్నారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, తర్వాత చేరిన ఎన్. మాధవరావు ముసాయిదా సంఘ సభ్యులు. దుర్గాబాయి సభలో చురుగ్గా పాల్గొన్నారు. మన గంజాం జిల్లాకు చెందిన బిశ్వనాథ దాస్ కూడా సభ్యులే.

ఇక మన సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుండి ఇటు వచ్చింది. మా నాన్నగారికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఇల్లు కదలలేదు, వీధి మారలేదు, రాష్ట్రం మారింది. ఇలాంటి వారి కోసమే 29వ అధికరణం తమ భాషను, లిపిని కాపాడుకునే హక్కు ఇచ్చింది. 30వ అధికరణం సొంత విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు ఇచ్చింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు గురించి 350-ఎ అధికరణాన్ని 1956లో చేర్చారు.

ఇంత చెప్పాక నా తప్పు కూడా చెప్పాలి. మా అమ్మాయిని ఇంగ్లీషు మీడియంలో వేశాను. ఒడియా బడిలోనే వచ్చేసింది. తెలుగు మాట్లాడుతుంది, అక్షరాలు మాత్రం రావు. "తర్వాత నేర్పుదాంలే" అనుకున్నాను. హాస్టలులో ఉన్నప్పుడు మా అమ్మ దానికి ఉత్తరాలు రాసేది. అది వాటిని దాచుకుని, సెలవులకు వచ్చినప్పుడు నాచేత చదివించుకునేది. ఒక ఉత్తరం ఇలా మొదలైంది: "ఇది నువ్వే చదువుకో తల్లీ, మీ నాన్నకి చూపించకు." చదవవలసి వచ్చింది నేనే. ఆ మాట దగ్గర ఆగిపోయి ఉత్తరం మడిచి ఇచ్చేశాను. మా అమ్మ పోయింది. ఆ ఉత్తరం ఇప్పటికీ మా అమ్మాయి దగ్గరే ఉంది, పూర్తిగా ఎవరూ చదవలేదు.

నా హక్కును ఏ ప్రభుత్వమూ లాక్కోలేదు. ఉన్న ఖాతాను నేనే వాడకుండా వదిలేశాను.

తల్లిదండ్రులారా, ఒడియా బాగా నేర్పించండి, అది మనం ఉన్న ఊరి భాష. ఇంగ్లీషు నేర్పించండి, ఉద్యోగానికి కావాలి. రోజుకు ఒక్క అరగంట తెలుగు అక్షరాలకు ఇవ్వండి. విద్యార్థులారా, ఇంట్లో తాతయ్య, అమ్మమ్మ, నాయనమ్మ ఉంటే ఈ సెలవుల్లోనే వాళ్ల దగ్గర పలక పట్టండి. గత నెలలో మా అమ్మాయి కూడా మొదలుపెట్టింది. ఇప్పుడు గుణింతాల దగ్గర ఉంది.