మచ్చపడిన వరహాలు

చంద్రగిరి కోటను చూచినవారికి వేంకటపతిదేవరాయల పేరు క్రొత్త కాదు. 1586 మొదలు 1614 వరకు ఏలిన ఆ ప్రభువు తన బంగారు నాణెములపై ఒకవైపు తోరణము క్రింద నిలిచిన శ్రీ వేంకటేశ్వరుని, రెండవవైపు ‘శ్రీ వేంకటేశ్వరాయ నమః’ అను మాటలను నాగరలిపిలో ముద్రింపించెను. అట్టి వరహా వేలమునకు వచ్చినదనిన తిరుపతి, చిత్తూరు ప్రాంతముల నాణెప్రియులకు చేయి ఊరకుండదు. అయితే జాబితాలో దాని ప్రక్కనే ‘అతుకు గుర్తు కలదు’, ‘మెరుగు పెట్టబడినది’ అను చిన్నమాట తరచుగా కనిపించును. ఆ మాటను అర్థము చేసికొన్నవారే మితమైన సొమ్ముతో అరుదైన నాణెము కొనగలరు.

బంగారమునకు త్రుప్పు లేదు. కనుక వరహామీది గాయములలో హెచ్చుభాగము మనుష్యులు చేసినవే. కాసులపేరు ఎరుగని ఇల్లు మనలో ఏది? పేరులో గ్రుచ్చుటకై కంసాలి నాణెమునకు రంధ్రము చేసెను, లేదా అంచున కొక్కెము అతికెను. తరువాతివారు కొక్కెము ఊడదీసి, ఆకురాయితో అంచు నునుపుచేసి అమ్మిరి. భూతద్దముతో అంచును చుట్టూ పరీక్షించినచో ఒకచోట రంగు మారియుండును; అది టంకము. పూర్తి వరహా తూకము సుమారు 3.4 గ్రాములు. తూకము బాగుగా తగ్గినచో అంచు రాచిరనియు, పెరిగినచో టంకము మిగిలినదనియు అనుమానింపవలెను.

మా అభిప్రాయములో, దాచిన పూడికకంటె దాచని రంధ్రము మేలు. రంధ్రమును బంగారముతో నింపి, దానిపై కిరీటమునో అక్షరమునో క్రొత్తగా చెక్కినచో ఆ భాగము రాయలది కాదు, నిన్నటి కంసాలిది. శరాఫులు పొడిచిన చిన్న ముద్రలకు మేము వెరవము. నాణెము బజారులో తిరిగినదనుటకు అవి సాక్ష్యములు. మెరుగు పెట్టుట మాత్రము తీరని కీడు. అక్షరముల అంచులు కరిగినట్లుండి, ఖాళీ స్థలమున సన్నని గీతలన్నియు ఒకే దిక్కునకు సాగినచో అది మెరుగు పెట్టినదే.

ఒక్క హెచ్చరిక. ఇంగ్లీషు కుంఫిణీవారి మూడు స్వాముల వరహాకు ఒకవైపు దేవేరులతో స్వామి, రెండవవైపు రవ్వలవంటి పొక్కులు ఉండును. ఆ పొక్కులు గాయము కాదు, ముద్రలోనివే.

శ్రీకృష్ణదేవరాయలు 1514లో తిరుమలలో 30,000 బంగారు నాణెములతో కనకాభిషేకము చేసెనని శాసనము చెప్పుచున్నది. ఆయన బాలకృష్ణుని వరహాలు నేటికిని తరచుగా వేలమునకు వచ్చుచున్నవి. అట్టివానిలో గాయపడినదానిని కొనుట ఏల? మంచిదానికై వేచియుండవచ్చును. మరల ఎప్పుడు కనిపించునో తెలియని నాణెమునకే గాయమును సహింపవలెను. అదియును పేరు, రూపము చెడనిచో. నగలకై చేసిన అనుకరణలును కలవు గనుక, వీలున్నచో పాటకు ముందే స్వయముగా చూడవలెను. పాటధరపై వేలమువారి రుసుము, పన్ను చేరునని మరువక, ఎంతవరకు పాడవలెనో ఇంటివద్దనే కాగితముపై వ్రాసికొనవలెను. కొన్నపిదప చింతపండుతో తోమరాదు.

పొలములో దొరికినదని చాటుగా చూపు నాణెమును, ఎంత నిగనిగలాడినను, ముట్టరాదు. పది రూపాయలకు మించిన నిధి దొరికినచో కలెక్టరుగారికి తెలుపవలెనని 1878 నాటి చట్టము. వేలములో కొన్నదానికి రసీదు ఉండును. దానిని నాణెముతోపాటు భద్రపరచవలెను.