మాస్టారి పదిహేడు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరుగా నా అనుభవాలు చెప్పమన్నారు. నేను ఒక్క సంఖ్య గురించి చెబుతాను. 1,84,46,74,40,73,70,95,51,615. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడోదాంట్లో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్ళూ నింపితే అయ్యే మొత్తం ఇది.

పావులూరి మల్లన గణితంలోదిగా చెప్పుకునే ఒక తెలుగు పద్యంలో ఈ ఇరవై అంకెలూ ఉన్నాయి. అంకెలకు బదులు మాటలుంటాయి. శరమంటే 5, శశి 1, గగనం 0, కుంజరం 8. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పేర్చుకోవాలి. (మనవాళ్ళు అప్పుడే కంప్యూటర్ కనిపెట్టారని నేననను. లెక్క బాగా తెలిసినవాళ్ళు, అంతే.) తొమ్మిదో తరగతిలో మాస్టారు పద్యం చదివి, అర్థం చెప్పకుండా, "ఇంటికాడ రెట్టింపులు వేసుకు రండి" అన్నారు.

లాంతరు ముందు కూర్చుని వేశాను. చివరి రెట్టింపులో చేతిలో మిగిలిన ఒకటి కలపడం మరిచాను. మర్నాడు మాస్టారు అంకెలన్నీ కూడి, "86. ఏట్రా, లెక్క ఎక్కడో పోనాది" అన్నారు. నాలుగును నాలుగుతో ఎన్నిసార్లు హెచ్చవేసినా, మూడుతో భాగిస్తే ఒకటే మిగులుతుంది. ఆ ఒకటి తీసేస్తే మూడుతో నిశ్శేషంగా పోవాలి. అంటే అంకెల మొత్తం కూడా మూడుతో పోవాలి. 86 పోదు.

మళ్ళీ వేయడానికి బద్ధకించి, మధ్యలో ఒక అంకెను ఒకటి పెంచాను. మొత్తం 87 అయింది. మాస్టారు నవ్వి, "17తో భాగించు" అన్నారు. శేషం మిగిలింది. నేను తలెత్తలేదు. పదహారును పదహారుతో హెచ్చవేస్తూ పోయినా, 17తో భాగిస్తే శేషం ఒకటో పదహారో వస్తుంది. మన సంఖ్యలో పదహారు సరిగ్గా పదహారుసార్లు ఉంది కాబట్టి ఒకటే. అది తీసేస్తే 17తో పోవాల్సిందే.

ఈ సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకాలు: 3, 5, 17, 257, 641, 65537, 67,00,417. వీటిలో 641ది వేరే కథ. 429,49,67,297 ప్రధాన సంఖ్యేనని ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపించాడు.

ఉద్యోగంలో చేరాక ఇదే సంఖ్య మళ్ళీ ఎదురైంది. 64 బిట్లలో పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్య ఇదే. నేనేమో ఒక ఫ్యాక్టరీలో పంపుల ప్రోగ్రాంకి 32 బిట్లే వాడి, మిల్లీసెకన్లు లెక్కపెట్టించాను. వారం రోజులు నడిపి, పరీక్ష నెగ్గిందని సంతకం పెట్టాను. 49 రోజుల 17 గంటలకు లెక్క నిండి సున్నాకు తిరిగింది. అర్ధరాత్రి పంపులన్నీ ఆగిపోయాయి.

64 బిట్లకు మార్చాను. అది నిండాలంటే 58 కోట్ల ఏళ్ళు దాటాలి. ఈసారి సంతకం పెట్టే ముందు గడియారాన్ని నిండటానికి పది నిమిషాల ముందుకు జరిపి, అక్కడే కూర్చుని చూశాను.