ముందు చెప్పించండి, తర్వాత రాయించండి

మూడో తరగతి పిల్లాణ్ణి ఆవు మీద వ్యాసం రాయమంటే, గైడులోది అప్పజెప్పినట్టు రాసేస్తాడు. నిన్న మన గేటు తోసుకొచ్చిన ఆవు సంగతి రాయమనండి, పెన్సిలు కొరుకుతూ కూర్చుంటాడు. నోటితో అయితే చేతులు తిప్పుతూ చెబుతాడు! అందుకే ముందు చెప్పించండి. తర్వాత చిత్తుకాగితం మీద, కొట్టివేతలున్నా సరే, రాయనివ్వండి. వాడి చేతే పైకి చదివించి, "లోపలికొచ్చాక ఏం చేసిందిరా?" అని అడగండి. వదిలేసిన ముక్క తనే చేరుస్తాడు. వత్తులూ దీర్ఘాలూ దిద్దడం ఆఖరున, సాపుప్రతి రాసేటప్పుడు. అమెరికాలో డోనాల్డ్ గ్రేవ్స్ అనే ఆయన బడిపిల్లలు రాస్తుంటే దగ్గరుండి గమనించి, 1983లో వేసిన పుస్తకంలోనూ దాదాపు ఇదే వరస. మొదటి వాక్యానికే ఎర్రసిరా పడిందా, పిల్లాడు తప్పుపోని మాటలే ఏరుకుని రాస్తాడు, చెప్పాలనుకున్నది మానేస్తాడు. నోటుబుక్కు మాత్రం శుభ్రంగానే ఉంటుంది లెండి!