పొగ పాపం ఒక్క రైతుదేనా?

(పాలకుర్తి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



వరి కొయ్యకాళ్లకు మనం పెట్టిన నిప్పు పొలంగట్టు దగ్గర ఆగుతుంది, పొగ ఆగదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ శాస్త్రవేత్త కె.వి.ఎస్. బదరీనాథ్ బృందం రెండు వైపులా చూసింది. నగరం గాలిలోని నల్లమసిని కొలిచి, వాహనాల రద్దీతో పోల్చింది. పంజాబ్‌లో పంట వ్యర్థాల కాల్పును ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టి 2006లో ప్రచురించింది. కనుక తప్పంతా రైతుదే అనడం అన్యాయం. మనకు సంబంధమే లేదనడమూ సరికాదు.

గాలిలో తేలే ఈ రేణువులను ఏరోసాల్స్ అంటారు. 2.5 మైక్రాన్ల లోపువి వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. ఆ పొగను ముందు పీల్చేది మనమూ మన పిల్లలే.

టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని ఉంటుంది. అంటే 12 కిలోల యూరియా! కాల్చి, మళ్లీ కొంటున్నాం.

హార్వెస్టర్ కోత తర్వాత దుక్కికి గడువు తక్కువ, కూలీలు దొరకరు. జరిమానాలతో బెదిరిస్తే సరిపోదు. ప్రతి మండలంలో గడ్డి కట్టలు కట్టే బేలర్లు, రోటవేటర్లు తక్కువ అద్దెకు ఇవ్వాలని సర్కారును గట్టిగా అడుగుదాం. ఐలమ్మ కొట్లాడి పంటను దక్కించుకున్న నేల ఇది. దీన్ని మన చేతులతో కాల్చుకోవద్దు.