పెట్టె అడుగున సిపాయి



రెండో ప్రపంచ యుద్ధంలో సుమారు 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో పనిచేశారు. అప్పట్లో మన కడప జిల్లా మద్రాసు ప్రావిన్సులో భాగం. బద్వేలులోగానీ, చుట్టుపక్కల పల్లెల్లోగానీ మీ ఇంటి ట్రంకుపెట్టెలో సిపాయి దుస్తుల్లో ఉన్న పాత ఫొటో ఉంటే, దాన్ని పారేయకండి.

ఆ ఫొటో ఎన్నో సంగతులు చెబుతుంది. చొక్కా చేతిమీద ఒక పట్టీ ఉంటే లాన్స్ నాయక్, రెండుంటే నాయక్, మూడుంటే హవల్దారు. టోపీ బిళ్ల, భుజంమీది అక్షరాలు రెజిమెంటును తెలుపుతాయి. బర్మా స్టార్ పతకముంటే ఆ సిపాయి బర్మా పోరులో ఉండి ఉండవచ్చు. ఫొటో వెనకవైపు స్టూడియో ముద్ర ఉందేమో చూడండి.

ఫొటోను అంచులు పట్టుకునే తీయండి. లామినేషన్ చేయించొద్దు, టేపు అంటించొద్దు. ఎండకు, చెమ్మకు దూరంగా ఉంచండి. ఒక నకలు తీయించుకోండి.

అన్నిటికన్నా ముందు, ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని ఫొటోలోని సిపాయి పేరు, ఊరు, వెళ్లిన చోటు అడిగి రాసుకోండి. బర్మాలోని రంగూన్ స్మారకంమీద, సమాధి కూడా తెలియని దాదాపు 27 వేల మంది సైనికుల పేర్లున్నాయి. మన ఇంటి సిపాయి పేరైనా మనం మరిచిపోకూడదు.