గోదావరిలో పడవ, కడెంలో గేటు: నీళ్లను పట్టి వదలడం వెనుక పని

ఈ ఎపిసోడ్‌లో మన ఉత్తర తెలంగాణ నది గురించి, దాని మీది గేట్ల గురించి మాట్లాడుకుందాం. డ్యామ్ ఎంత పెద్దది, ఎన్ని టీఎంసీలు అని మనం అడుగుతం. గేటు సరిగ్గా లేస్తదా లేదా అని ఎవరూ అడగరు. ఈరోజు అదే అడుగుదాం.

ముందు కొంచెం చరిత్ర. మన కాళేశ్వరం ముందు నుంచి, ప్రాణహిత మీదుగా నాగపూర్ వైపు పడవలు నడపాలని ఒకప్పుడు పెద్ద ప్రయత్నమే జరిగింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ ఆలోచన ఏంటంటే, వార్ధా ప్రాంతపు పత్తిని గోదావరి మీదుగా సముద్రం దాకా తేవాలి. పని చూసింది హెయిగ్ అనే ఇంజినీరు. అడ్డం ఏంటంటే, నదిలో మూడు చోట్ల రాళ్లు, సుడులు. ఒకటి దుమ్ముగూడెం దగ్గర. రెండోది మన మహదేవపూర్ దిక్కు ఇచ్చంపల్లి దగ్గర. మూడోది ప్రాణహితలో. ఆ రాళ్లను తప్పించాలంటే పక్కన కాలువ తవ్వాలి, కాలువలో లాకులు కట్టాలి. దుమ్ముగూడెంలో ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. కానీ ఖర్చు పెరిగింది, కూలీలను జ్వరాలు పట్టాయి, 1867లో నాగపూర్‌కు రైలు వచ్చేసింది. పత్తి రైలెక్కి బొంబాయి పోయింది. 1871లో పనులు ఆపేశారు.

సరే, లాకు అంటే ఏంటి? తాళం కాదండి. రెండు తలుపుల మధ్య ఒక నీళ్ల గది అనుకోండి. పడవ కింది నుంచి పైకి పోవాలి. కింది తలుపు తెరుస్తారు, పడవ గదిలోకి వస్తుంది, తలుపు మూసేస్తారు. తర్వాత పై తలుపుకున్న చిన్న తూము తీస్తారు. పై నీళ్లు గదిలోకి వచ్చి, పడవతో పాటు మట్టం లేస్తుంది. రెండు దిక్కులా మట్టం సమానం కాగానే పై తలుపు సులువుగా తెరుచుకుంటుంది. పంపు లేదు, మోటారు లేదు. ఉన్న నియమం ఒక్కటే: రెండు తలుపులూ ఒకేసారి తెరవొద్దు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. లాకు తలుపు తెరిచేది నీళ్లు సమానమయ్యాకే. డ్యామ్ గేటుకు ఆ సుఖం లేదు. వెనక నీళ్లు మొత్తం తోస్తుంటే, ఆ తోపుడు మీదనే అది లేవాలి. అందుకే గేటుకు తుప్పు పట్టినా, గ్రీజు ఎండినా, ఇనుప తాడు తెగినా, కరెంటు పోయినా, ఆ ఒక్క రాత్రి మీద ఊళ్లన్నీ ఆధారపడి ఉంటాయి.

కడెం చూడండి. వాగు చిన్నది, కానీ ఆదిలాబాద్ గుట్టల మీద వాన పడితే గంటల్లో వరద వస్తుంది. 1958లోనే ఈ ప్రాజెక్టు వరదకు తెగింది. తర్వాత గేట్లు పెంచారు. ఇప్పుడు 18 ఉన్నాయి. 2022 జులైలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 18 గేట్లూ లేచినా వదలగలిగేది దాదాపు 3 లక్షలు. అందులో ఒక గేటు లేవనే లేదు. నీళ్లు గేట్ల మీది నుంచి దుంకాయి. కింద ఊళ్లు ఖాళీ చేయించారు. 2023 జులైలో మళ్లీ వరద, మళ్లీ కొన్ని గేట్లు మొరాయించాయి. డ్యామ్ నిలబడ్డది. నిలబడ్డది కదా అని మరిచిపోతే ఎట్ల?

మేడిగడ్డ సంగతి మీకు తెలుసు. 85 గేట్ల బ్యారేజీ, 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగినయి. జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ తన నివేదికలో ప్లానింగ్, డిజైన్, నాణ్యతతో పాటు నిర్వహణను కూడా కారణంగా చెప్పింది. 2021 డ్యామ్ భద్రతా చట్టం ప్రకారం వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తనిఖీ చేయాల్సిందే.

మన చెరువుకు నీరటి ఉండేవాడు. ఏ తూము ఎప్పుడు తీయాలో, మత్తడి ఎప్పుడు దుంకుతదో ఆయనకు తెలుసు. కట్ట మీదనే ఆయన కాపలా. పెద్ద ప్రాజెక్టులో ఆ పని లస్కర్లది, ఫిట్టర్లది, ఆపరేటర్లది. గేటును ఎండాకాలంలోనే లేపి దించి చూడాలి. ఇనుప తాళ్లు, రబ్బరు సీళ్లు మార్చాలి. జనరేటర్‌ను నడిపి చూడాలి. కొట్టుకొచ్చిన చెట్లు గేటుకు అడ్డం పడకుండా తీయాలి. ఇదేదీ ఫొటోల్లో కనిపించే పని కాదు. అందుకే కొత్త డ్యామ్‌కు నిధులు దొరుకుతయి, గ్రీజుకు దొరకవు.

ఇంకో మాట. 2016 చట్టంతో జాతీయ జలమార్గం 4ను గోదావరిలో నాసిక్ దాకా పొడిగించారు. కాగితం మీద మన ముందు నుంచే పోతుంది. కానీ శ్రీరాంసాగర్‌కు 42 గేట్లున్నాయి, పడవ దాటే లాకు ఒక్కటీ లేదు. లాకు లేని కట్ట దగ్గర పడవ ఆగిపోతుంది. పడవల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఉన్న గేట్లు లేవాలి కదా.

మీ ఊరికి పైన ఉన్న ప్రాజెక్టుకు వానలకు ముందు తనిఖీ అయిందా? గ్రామసభలో అడగండి. ఏమన్నారో కామెంట్లలో రాయండి.